అరవేలు దొర

ఆత్మకూరు తిమ్మప్పకు మనుషులను చూడగానే తూకం వేసే అలవాటు. జీవాల బేరగాడు కదా, పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూసినట్టే మనిషి మాటను తెరిచి లోపలి అవసరాన్ని చూసేవాడు. వచ్చినవాడు గడప దాటకముందే వీడు ఎందుకొచ్చాడు, ఎక్కడ దిగుతాడు అన్నది ఆయన మనసులో తేలిపోయేది. ఒకసారి తేలిన లెక్కను మళ్లీ కూడి చూసుకునే అలవాటు మాత్రం లేదు. ఆ అవసరం తనకెప్పుడూ పడలేదని ఆయన నమ్మకం.

అందుకే కూతురు మాలతి ఒక సాయంత్రం పక్కన చేరి, "నాయినా, నాకొక చెడ్డోడు కావాలె" అంటే పకపకా నవ్వాడు.

"ఒక్కడేనా? పెబ్బేరు సంతకు రా బిడ్డా. మందకు మంద చూపిస్త, ఏరుకో."

"పరాచికాలు కాదు నాయినా. మా ఆటకు."

మాలతి వనపర్తిలో డిగ్రీ చదువుతోంది. ఆదివారం మధ్యాహ్నం ఆమె స్నేహితులు ఇంటికి వచ్చి, మిద్దె మీది గదిలో చాప పరుచుకుని ఒక ఆట ఆడతారు. ఆ ఆటకు పేకలు లేవు, పావులు లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో వీరులవుతారు. కోటలు, గుహలు, రాక్షసులు అన్నీ నోటిమాటలోనే పుడతాయి. 'నేను తలుపు పగలగొడుతున్నా' అని ఆడేవాళ్లు అంటారు. పగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది మాలతి. కిందటివారం ఆమె తెచ్చిన విలన్ ఎవరికీ నచ్చలేదు. నల్ల కవచం తొడుక్కుని నవ్వడం తప్ప ఆ రాజుకు వేరే పని లేదు. రాకేష్ అనే పిల్లవాడైతే, "వీడు ఎందుకు నవ్వుతుండే? పళ్లపొడి అమ్ముతుండా?" అని పరువు తీశాడు.

"చెడ్డోడు పుట్టుకతోనే చెడ్డోడైతె మజా రాదు" అంది మాలతి. "వానికి వెనకటి కథ ఉండాలె. ఏం పోగొట్టుకున్నడు, ఏడ దారి మలిగిండు, ఎందుకు మలిగిండు. వాని దిక్కు నుంచి చూస్తె వానిదే న్యాయం అనిపియ్యాలె."

"మోసగానికి న్యాయమేంది?"

"అదే నాయినా ఆట."

ఆ మాట తిమ్మప్పకు ఎక్కలేదు గానీ, కూతురు తనను సలహా అడగడం మాత్రం బాగా ఎక్కింది. కాలేజీలో చేరినప్పటి నుంచి ఆమె ఆయన్ను అడిగేది బస్సు సంగతులే. ఇప్పుడు ఫోను చేతిలో పట్టుకుని, ఆయన ఏం చెబితే అది ఎక్కించుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. తిమ్మప్ప తనకు తెలిసిన మోసగాళ్లనందరినీ మనసులో వరసగా నిలబెట్టి చూశాడు. మేలైన సరుకు ఒకటి కనిపించింది.

"అరవేలు దొర" అన్నాడు. "ఎక్కించుకో."

పెబ్బేరు సంతలో పాతకాలపు బేరగాళ్లు ధర నోటితో చెప్పరని మాలతికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇద్దరూ చేతుల మీద తువ్వాల కప్పుకుంటారు. అమ్మేవాడు కుడిచేతి వేళ్లను కొనేవాడి అరచేతిలో పెడతాడు. ఒక్కో వేలు ఒక్కో వెయ్యి. వేలు సగానికి మడిస్తే అర. కళ్లు మొహం మీదే ఉండాలి, చేతి వంక చూడరాదు. ఎడమచెయ్యి పెట్టరాదు. చుట్టూ ఎందరు మూగినా ధర ఆ ఇద్దరి చర్మానికే తెలుస్తుంది. తువ్వాల తీశాక ఆ మాటకు తిరుగులేదు.

"మూడేండ్ల కింద ఒకడు పొట్టేలు పిల్లల్ని తెచ్చిండు" అన్నాడు తిమ్మప్ప. "తువ్వాల కింద నాలుగున్నర పెట్టిండు. నేను సరే అన్న. తువ్వాల తీసినంక ఐదంటడు! లొల్లి లొల్లి. నన్నే దొంగంటడు. గప్పుడు చూసిన వాని చెయ్యి. ఉంగరం వేలు సగానికి తెగి ఉన్నది. సమజైందా? మొండివేలు పెట్టి అర అని నమ్మిస్తడు. బేరం కుదిరినంక అది నిండు వేలని కూసుంటడు. దేవుడు వేలు తీస్కపోతె, పోయిన వేలును గూడ పెట్టుబడి పెట్టిండు!"

"మరి ఏమాయె?"

"ఏమైతది? తువ్వాల మాట తువ్వాల మాటే. నాలుగున్నరకే తోలుకొచ్చిన. సంతల ఉన్నోళ్లందరికి చెప్పిన, అరవేలోనితోని చెయ్యి కలపకుండ్రి అని. మళ్ల కనవడలే."

"ఎవరు నాయినా ఆయన?"

"ఎవడో వీపనగండ్ల దిక్కోడు. పేరుతోని నీకేం పని? అరవేలోడు అంటె సంతంత తెలుస్తది."

మాలతి దాని మీద తన పనితనం చూపింది. ఆ దొర ఇప్పుడు ఒక రాజ్యాన్ని పట్టుకున్నాడు. ఊరూరా మనుషుల ఉంగరపు వేళ్లు సగానికి నరికిస్తున్నాడు. లోకమంతా తన చేతి లెక్కకు రావాలన్నది వాడి పంతం. విని తిమ్మప్ప తొడ చరుచుకున్నాడు. తాను తెచ్చిన గొర్రెపిల్లను కూతురు పొట్టేలు చేసింది. ఆ ఆదివారం దొర మాటలు తానే పలుకుతానని మాట కూడా ఇచ్చాడు.

ఆదివారం తువ్వాల భుజాన వేసుకుని మిద్దె ఎక్కాడు. భార్య రేణుకమ్మ పంపిన ఉడకబెట్టిన పల్లీల గిన్నె మధ్యలో ఉంది. రాకేష్, మంజుల, శ్రీజ చాప మీద కూర్చున్నారు. శ్రీజ వనపర్తిలో హాస్టల్లో ఉండి మాలతితో చదివే అమ్మాయి. మాట తక్కువ. ఈ ఆటలో ఆమె ఎప్పుడూ గొంగడి కప్పుకున్న విలుకత్తె.

"అంకుల్, మీరే దొరైతె మేం ముందుగాలే లొంగిపోతం" అన్నాడు రాకేష్. "యుద్ధం దండగ."

"లొంగితె గూడ వేలు నరుకుత బిడ్డా. దొర దగ్గర ఉద్దెర లేదు!"

పిల్లలు కేకలు పెట్టారు. తిమ్మప్పకు ఊపొచ్చింది. గొంతు బొంగురు చేశాడు, ఉంగరపు వేలు మడిచి మొండిచేయి చూపించాడు, అమాయకుల చేతుల్లో ఆ వేలు పెట్టి ఎలా ముంచానో అభినయించి చెప్పాడు. సంతలో ఆనాటి లొల్లిని కూడా దించాడు. కళ్లు తేలేసి, గొంతు వణికించి, 'నేను ఐదే పెట్టిన, మా దేవుని మీద ఒట్టు' అని ఏడుపు మొహం పెట్టాడు. మంజుల నవ్వలేక కడుపు పట్టుకుంది.

శ్రీజ నవ్వలేదు. చేతిలోని పల్లికాయ ఒలవకుండానే గిన్నెలో వేసింది.

"ఇప్పుడు నా వంతు గదా" అంది. "నేను దొరతోని మాట్లాడ్త."

"మాటలేంది! మంచిగ దొరికిండు, బాణం వెయ్" అన్నాడు రాకేష్.

"బాణం వద్దు. బేరం."

మాలతికి ఈ మలుపు నచ్చింది. "పాచిక వెయ్. పెద్దది పడితె దొర నీకు నిజమే చెప్పాలె."

పాచిక దొర్లి పెద్ద అంకె మీద ఆగింది. శ్రీజ తన చున్నీ తీసి, అరచెయ్యి చాచి, మీద కప్పింది. సంతలో పెరిగినవాళ్లు కప్పినట్టే కప్పింది, మణికట్టు దాకా. అది చూసిన తిమ్మప్పకు ఎందుకో కొద్దిగా అనుమానం తగిలింది. కానీ ఆట వేడిలో ఉన్నాడు.

"దొరా, గా దినం మీరు అడగాలనుకున్న ధర ఎంత?"

"ఐదు" అన్నాడు. దొర నిజం చెప్పాలి కదా.

"అయితె నా చేతుల పెట్టుండ్రి."

తిమ్మప్ప ఉంగరపు వేలు సగానికి మడిచి చున్నీ కింద చెయ్యి పెట్టాడు.

"నాలుగున్నర" అంది శ్రీజ.

"అదే గదమ్మా మోసం!" అని నవ్వాడు.

"మోసం తర్వాత చేద్దురు. ముందు గా మొండివేలు చేతితోనే ఐదు చెప్పుండ్రి. సక్కగ. మోసం లేకుండ."

తిమ్మప్ప చెయ్యి కదిపాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు. మడిచిన వేలు. మళ్లీ నాలుగున్నరే. వేళ్లు దగ్గరికి చేర్చాడు, విప్పాడు. ఎడమచెయ్యి దానంతటదే లేచి చున్నీ దాకా వచ్చి, రాకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది.

ఐదు లేదు. ఆ చేతిలో ఐదు లేదు.

ఎన్ని సంతలు చేశాడు, ఎన్ని చేతులు పట్టాడు! ఆ మనిషి ఐదు చెప్పాలనుకుంటే ఎలా చెప్పగలడన్న చిన్న ప్రశ్న ఒక్కసారి కూడా తనకు తట్టలేదు. తాను విన్నది నిజమే, నాలుగున్నర. వాడు చెప్పిందీ నిజమే, ఐదు. మధ్యలో లేనిది అరవేలు. ఆ ఖాళీలో తాను ఒక దొంగను పెట్టాడు. చున్నీ కింది నుంచి చెయ్యి తీయాలని కూడా తోచలేదు.

శ్రీజే మెల్లగా చున్నీ తీసుకుంది.

"మాలతీ, నీ వెనకటి కథల ఒకటి తక్వైంది" అంది. గొంతు పెంచలేదు. "వేలు ఎట్ల పోయిందో లేదు. జీవాల్ని లారీకి ఎక్కిస్తుంటె వెనక తలుపు మీద వడ్డది. వనపర్తి దవాఖానల కుట్లేసిన్రు. మానినంక మొదటి సంత అదే. ఆయన పేరు బక్కయ్య. దొర గాదు, మా నాయిన."

శ్రీజ లేచి, సంచి తగిలించుకుని, కింద రేణుకమ్మకు "పోయొస్తనమ్మా, బస్సు టైమైంది" అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయింది. ఆ మర్యాదే తిమ్మప్పను ఎక్కువ కోసింది. తిట్టి పోయినా కాస్త తేలిగ్గా ఉండేది.

మాలతి పాచికలు ఏరుతూ తల ఎత్తకుండానే అంది. "నాయినా, నేను కథ అడిగిన. నువ్వు చాడీ ఇచ్చినవ్."

ఆ తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. కాలేజీలో శ్రీజ వేరే బెంచీకి మారిందని, ఫోను ఎత్తడం లేదని రేణుకమ్మ ద్వారానే తిమ్మప్పకు తెలిసింది. కూతురు ఆయనతో మళ్లీ బస్సు సంగతులే మాట్లాడుతోంది. అవి కూడా సగం తగ్గాయి.

తిమ్మప్ప తన అలవాటు ప్రకారం లెక్కకు దిగాడు. మొదట తోచింది డబ్బే. "ఆనాటి ఫరక్ ఎంతైతదో కట్టి పంపిద్దాం" అన్నాడు భార్యతో.

"పంపు" అంది రేణుకమ్మ, బియ్యం చెరుగుతూ. "ఆయన పోగొట్టుకున్న సంతలు గూడ అండ్లనే మూటగట్టు."

తనకు మొట్టమొదట తోచింది డబ్బే కావడం తిమ్మప్పకు సిగ్గనిపించింది.

వెతుక్కుంటూ పోతే, వీపనగండ్ల అవతల ముళ్లకంప కట్టిన గొర్రెల దొడ్డి దగ్గర బక్కయ్య కనిపించాడు. ఒక గొర్రె కాలు ఒడిలో పెట్టుకుని డెక్కలో ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు. తిమ్మప్ప చూపు నేరుగా ఆ మొండివేలు మీదికి పోయింది. ఆనాడు లొల్లిలో ఒక్క క్షణం చూశాడు, అది కూడా సాక్ష్యం కోసం. దాన్ని గాయంగా చూడటం ఇదే మొదలు.

"జీవాలు అమ్మనీకి లేవు సావుకారీ" అన్నాడు బక్కయ్య, లేవకుండానే. "ఇవి మావి గావు. వేరేటోళ్లవి, కాస్తున్న."

"కొననీకి రాలే బక్కన్నా."

"ఔ మరి. నాతోని చెయ్యి కలపొద్దని మీరే చెప్పిన్రు గద."

ఆ మాటను తిమ్మప్ప మింగాడు. నిలబడే చెప్పాడు. మీ బిడ్డ చూపిస్తే గానీ తెలియలేదని, తాను తప్పు విన్నానని, విన్నదాన్ని మోసమని సంతంతా చాటానని.

బక్కయ్య ముల్లు తీసి పారేశాడు. గొర్రె కుంటుకుంటూ మందలో కలిసింది.

"నాకు ఇప్పటికీ గా వేలు ఉన్నట్టే అనిపిస్తది" అన్నాడు చెయ్యి తిప్పి చూసుకుంటూ. "చలికాలం గోరు గూడ సలుపుతది, లేని గోరు. ఆ పొద్దు గూడ నిండు వేలే పెట్టిన అనుకున్న. లొల్లంత అయ్యి ఇంటికొచ్చినంక, బువ్వ కలుపుతుంటె సమజైంది. అప్పటికి మీరు సంతంత తిరిగి చెప్పిన్రు. నేను పొయ్యి, 'నా వేలు లేదు, నేను మర్సిన' అంటె నవ్వరా సావుకారీ? దొంగన్నా ఓర్చుకుంట గని, నవ్వితె ఎట్ల?"

"మరి నేనేం చెయ్యాలె చెప్పు."

"చెప్పిన్రు గద. మంచిది." బక్కయ్య మంద వైపు గడ్డం ఎగరేశాడు. "గొర్లు ఇన్నయి."

తిరుగు దారంతా తిమ్మప్ప ఆ మాటనే నమిలాడు. గొర్రెలు విన్నాయి, నిజమే. వినవలసినవాళ్లు పెబ్బేరులో ఉన్నారు. అక్కడ చెప్పడమంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. బేరగాడికి అరచెయ్యే చెవి. అది తప్పు విన్నదని తానే చాటితే ఇక ఆ చేతిలో ఎవడు వేళ్లు పెడతాడు? చవగ్గా తేల్చుకునే దారులు వెతికాడు. నవ్వులాటగా చెప్పొచ్చు. బక్కయ్యను పిలిపించి, పదిమందిలో కొత్త తువ్వాల కప్పి, ఎక్కువకు కొని పెద్దమనసు చూపొచ్చు. ఏ దారి తిప్పి చూసినా చివరికి తానే పెద్దగా తేలుతున్నాడు. ఆ సరుకులో కల్తీ తనకే కనిపించింది.

శనివారం సంత మంచి రద్దీలో ఉన్నప్పుడు, బేరగాళ్లు టీ తాగే చోట నిలబడి భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"జర ఇనుండ్రి. వీపనగండ్ల బక్కయ్య మోసం చెయ్యలే. బేరమప్పుడు ఆయనకు వేలు తెగిన సంగతి నాకు తెల్వదు. ఆయన ఐదు పెట్టిండు, నాకు నాలుగున్నర తగిలింది. తప్పు విన్నది నేను. దొంగని చాటింది నేను. అరవేలోడు అని పేరు పెట్టింది గూడ నేనే."

గద్వాల నుంచి వచ్చే బేరగాడు మల్లేశ్ టీ గ్లాసు దించాడు.

"ఏంది తిమ్మన్నా, నీ చెయ్యికి చెవుడొచ్చిందా?"

నవ్వులు గుప్పుమన్నాయి. ఎవడో దూరం నుంచి, "మల్ల మా పొట్టేళ్లకు ఏం విన్నవో ఏమో! కిందటి బేరం గూడ ఇప్పుడే తేల్చు!" అని అరిచాడు. తిమ్మప్ప నవ్వలేదు, కోపగించుకోలేదు. నిలబడ్డాడు. ఆ రోజు ఆయన చేతిలో వేళ్లు పెట్టినవాళ్లంతా చెవి దగ్గరికొచ్చి, "ఇనవడ్డదా?" అని అడిగారు. పొద్దు వాలేసరికి సంతలో ఆయనకు పేరు పడింది. చెవిటిచెయ్యి తిమ్మప్ప. పేరు ఎంత తొందరగా పుడుతుందో, ఎంత గట్టిగా అంటుకుంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

కొన్ని వారాలకు బక్కయ్య సంతకు వచ్చాడు, కాసే మంద యజమాని జీవాలతో. తిమ్మప్ప దగ్గరికి రాలేదు. లారీల పక్కన మల్లేశ్‌తో తువ్వాల కప్పుకున్నాడు. మల్లేశ్ తువ్వాల కిందే ఏదో, మొండివేలు కాబోలు, తడిమి, నవ్వి, తలూపడం తిమ్మప్పకు దూరం నుంచే కనిపించింది. అటు అడుగు వేయబోయి మానుకున్నాడు. అక్కడ తన పనేమీ లేదు.

ఆ మరుసటి ఆదివారం మిద్దె మీద చాప పరిచిన చప్పుడైంది. రాకేష్ గొంతు, మంజుల నవ్వు, వాటి మధ్య తక్కువ మాటల గొంతు ఒకటి. తిమ్మప్ప వాకిట్లో చెప్పులు తొడుక్కున్నాడు, ఎటైనా పోదామని. అంతలో పైనుంచి మాలతి పిలిచింది.

"నాయినా, జర పైకి రా. కొత్త విలన్ కావాలె."

ఆయన మెట్ల చివర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. శ్రీజ పాచిక చేతిలో తిప్పుతూ గోడ వంక చూస్తోంది.

"పేరు సంతోళ్లే పెట్టిన్రు" అంది మాలతి, ఫోను చేతిలోకి తీసుకుంటూ. "చెవిటిచెయ్యి సావుకారి. వానికి వెనకటి కథ నువ్వే చెప్పాలె."

తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు.

"వానికి మనుషుల్ని చూడంగనే తూకమేసే అలవాటు. ఒకసారి తేలిన లెక్కను మళ్ల కూడి చూసుకోడు." ఆగాడు. "అంతే. వాని దిక్కు నుంచి చూస్తె గూడ న్యాయమేం లేదు బిడ్డా."

మాలతి వేలు ఫోను మీద ఆగిపోయింది.

"ఉండాలె అంకుల్" అంది శ్రీజ, ఇంకా గోడ వంకే చూస్తూ. "లేకుంటె ఆట మజా రాదు. కూసోండ్రి, చెప్పుండ్రి."

తిమ్మప్ప చెప్పులు విడిచి చాప అంచున కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల ఎప్పుడు జారిందో, రెండు చేతుల మీదా పడి ఉంది. దాని కింద అరచెయ్యి తెరుచుకుని ఉందో మూసుకుని ఉందో, ఆయనకే తెలియలేదు.